విద్యుత్ తీగల టంకంలో ద్రవకారి ఎంపిక: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

రెండు లోహపు తీగలను టంకంతో అతికేటప్పుడు వాటి మీది ఆక్సైడ్ పొరను తొలగించడానికి వాడే పదార్థం ద్రవకారి. విద్యుత్ పనివారి వాడుకలో ఇది ఫ్లక్స్. వెలిగారం, నవసాగరం, జింక్ క్లోరైడ్, రోజిన్ మొదలైనవి వేర్వేరు కాలాల్లో, వేర్వేరు వృత్తుల్లో ఈ పని చేశాయి. వీటిలో విద్యుత్ తీగలకు రోజిన్ ఎందుకు ప్రమాణంగా నిలిచింది, ఆ స్థానం 20వ శతాబ్దం చివర ఎందుకు ప్రశ్నకు గురైంది అన్న విషయాలను ఈ వ్యాసం చారిత్రక క్రమంలో పరిశీలిస్తుంది. అతుకు ఎంత సులువుగా పడుతుందన్నదాని కన్నా, అతికిన తరువాత ఏమి మిగులుతుందన్న ప్రశ్నే ఈ ఎంపికను నిర్ణయించిందని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: టంకం, టంకణం, ద్రవకారి, రోజిన్, జింక్ క్లోరైడ్, అవశేషం, తంతి, మాంట్రియల్ ఒప్పందం.

1. ఉపోద్ఘాతం

సాంకేతిక చరిత్ర రచనలో పెద్ద ఆవిష్కరణలకు దక్కిన చోటు చిన్న పదార్థాలకు దక్కలేదు. తంతి, టెలిఫోను, రేడియో, కంప్యూటర్ల చరిత్రలు విస్తారంగా వెలువడ్డాయి. ఈ యంత్రాలన్నింటిలోనూ తీగను తీగతో కలిపిన అతుకు ఉంది. ఆ అతుకు పడటానికి ముందు తీగ మీద రాసిన పదార్థం గురించి మాత్రం తెలుగులో చర్చ అరుదు. అతుకు సరిగా లేకపోతే యంత్రం మొదటి రోజునే పనిచేయదు. ద్రవకారి ఎంపిక సరిగా లేకపోతే యంత్రం మొదట పనిచేసి, నెలలో ఏడాదో గడిచాక ఆగిపోతుంది. తప్పు జరిగిన రోజుకూ అది బయటపడిన రోజుకూ మధ్య ఉన్న ఈ దూరమే ద్రవకారి చరిత్రను ఆసక్తికరం చేస్తున్నది.

2. టంకం, టంకణం: పదాల వెనుక ఉన్న పనులు

తెలుగులో టంకం అన్న మాట అతికే లోహానికీ, అతికే పనికీ కూడా వాడుకలో ఉంది. టంకణం అన్నది వెలిగారానికి పేరు. సంస్కృత ధాతుపాఠం టకి ధాతువుకు బంధనం అన్న అర్థం చెబుతుంది. బంధించే పనికీ, ఆ పనికి సాయపడే క్షారానికీ ఒకే మూలం నుంచి పేర్లు ఏర్పడటం గమనార్హం. టిబెట్ సరస్సుల నుంచి భారతదేశం మీదుగా పడమటి దేశాలకు చేరిన ముడి వెలిగారాన్ని యూరోపు వర్తకులు టింకాల్ అని పిలిచారు. ఈ పేరును కూడా నిఘంటుకారులు టంకణ శబ్దంతోనే ముడిపెడతారు.

తెలుగు వృత్తుల్లో ద్రవకారుల విభజన స్పష్టంగా ఉంది. కంసాలి బంగారు, వెండి నగల అతుకుకు వెలిగారం వాడతాడు. ఇత్తడి, రాగి పాత్రలకు కళాయి పూసేవారు నవసాగరం వాడతారు. ఈ తేడా రసాయన శాస్త్రానికి అనుగుణంగానే ఉంది. నిర్జల వెలిగారం కరగడానికి 740 సెల్సియస్ డిగ్రీలకు పైగా వేడి కావాలి. వెండి టంకానికి అది సరిపోతుంది. తగరం 232 డిగ్రీల వద్దనే కరుగుతుంది కాబట్టి ఆ పనికి వెలిగారం పనికిరాదు. నవసాగరం వేడికి విడిపోయి అమోనియా, హైడ్రోజన్ క్లోరైడ్ వాయువులను ఇస్తుంది. ఈ రెండవ వాయువు రాగి మీది మలినపు పొరను తినివేయగా, శుభ్రపడిన లోహానికి తగరం పట్టుకుంటుంది.

పాఠ్యపుస్తకాలు ఫ్లక్స్‌కు ద్రవకారి అన్న పదాన్ని స్థిరపరచాయి. ఇది లోహ సంగ్రహణ శాస్త్రం నుంచి వచ్చిన అనువాదం. అక్కడ ద్రవకారి ఖనిజ మాలిన్యంతో కలిసి దాన్ని సులభంగా కరిగే లోహమలంగా మారుస్తుంది. టంకంలో దాని పని వేరు. ఇక్కడ అది లోహాన్ని ద్రవంగా మార్చదు, లోహపు ముఖాన్ని శుభ్రం చేస్తుంది. ఒకే పదం రెండు పనులకు వాడటం వల్ల, ఫ్లక్స్ అంటే టంకాన్ని త్వరగా కరిగించేది అన్న అపోహకు తావు ఏర్పడుతున్నది. నిజానికి టంకం కరిగేది కాక వేడి వల్లనే.

3. ద్రవకారి పనితీరు, అవశేషం సమస్య

గాలి తగిలిన రాగి మీద పలుచని ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. కరిగిన టంకం ఈ పొర మీద పరచుకోక, తామరాకు మీది నీటిబొట్టులా ముద్దగా నిలుస్తుంది. ద్రవకారి మూడు పనులు చేస్తుంది: ఉన్న ఆక్సైడ్‌ను తొలగించడం, వేడెక్కిన లోహానికి మళ్లీ గాలి తగలకుండా కప్పి ఉంచడం, కరిగిన టంకం పరచుకోవడానికి తోడ్పడటం.

తెలుగు వంటింట్లో దీనికి దగ్గరి ఉదాహరణ ఉంది. చిలుము పట్టిన రాగి చెంబును చింతపండుతో తోముతారు. చింతపండులోని ఆమ్లం చిలుమును కరిగిస్తుంది. తోమిన వెంటనే చెంబును నీళ్లతో కడగడం తప్పనిసరి. కడగకుండా వదిలితే ఆ పులుపే మళ్లీ చెంబును పాడుచేస్తుంది. ఆక్సైడ్‌ను తినగల పదార్థం ఆక్సైడ్ అయిపోయాక లోహాన్ని కూడా తినగలదు. కళాయి పూసిన పాత్రకు ఈ చిక్కు లేదు, ఎందుకంటే పాత్రను కడగవచ్చు. విద్యుత్ తీగ విషయంలో ఈ సౌకర్యం చాలా సందర్భాల్లో ఉండదు. అతుకు మీద తొడుగు పడుతుంది, భూమిలో పూడుతుంది, పెట్టెలో మూతపడుతుంది. ద్రవకారి చరిత్రలోని ప్రతి మలుపూ ఈ కడగలేనితనం చుట్టూనే తిరిగింది.

4. రోజిన్: పాత పదార్థం, కొత్త వృత్తి

రోజిన్ విద్యుత్ యుగపు ఆవిష్కరణ కాదు. క్రీస్తు శకం 1వ శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ తన ప్రకృతి చరిత్ర గ్రంథంలో ఏ లోహాన్ని దేనితో అతకాలో చెబుతూ, సీసానికి చెట్టు జిగురును పేర్కొన్నాడు. పైన్ జాతి చెట్ల నుంచి కారే జిగురును బట్టీపట్టినప్పుడు టర్పెంటైన్ తైలం ఆవిరిగా వెళ్లిపోగా అడుగున మిగిలే గట్టి పదార్థమే రోజిన్. దీని మరో పేరు కొలోఫనీ. ఆ పేరు ఆసియా మైనరులోని కొలోఫోన్ నగరం నుంచి వచ్చింది. భారతదేశంలో హిమాలయ సానువుల్లోని చిర్ పైన్ దీనికి ప్రధాన మూలం. తెలుగులో దీన్ని గుగ్గిలం అని అనువదించడం కచ్చితం కాదు. గుగ్గిలం సాధారణంగా సాల జాతి వృక్షాల బంకకు పేరు.

రోజిన్‌లో ప్రధానంగా ఉండేవి అబియెటిక్ ఆమ్లం, దాని బంధువర్గపు ఆమ్లాలు. గది వేడిమిలో అది గట్టిగా, గాజులా ఉంటుంది. నీటిలో కరగదు, విద్యుత్తును ప్రసరింపనీయదు. వేడి తగలగానే మెత్తబడి, కరిగి, రాగి ఆక్సైడ్‌తో చర్య జరుపుతుంది. చల్లారగానే మళ్లీ గట్టిపడి, మిగిలిన ఆమ్లాన్ని తనలోనే బంధించి ఉంచుతుంది. అవసరమైన కొద్ది క్షణాలు మాత్రమే మేల్కొని, పని ముగియగానే నిద్రపోయే పదార్థం ఇది. రోజిన్ అవశేషంలో కొన్నిసార్లు కనిపించే పచ్చని ఛాయ రాగి అబియెటేట్ అనే లవణం వల్ల వచ్చినది. దాన్ని చూసి చిలుముగా భ్రమపడే అవకాశం ఉంది.

దీనికి ఎదురుగా నిలిచేది జింక్ క్లోరైడ్. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో జింకు ముక్కలు వేసి, పొంగు ఆగేవరకు ఉంచి దీన్ని తయారుచేసేవారు. ఇంగ్లీషు పనివారు దీన్ని చంపిన ఆమ్లం అన్న అర్థం వచ్చే పేరుతో పిలిచారు. పేరులో చావు ఉన్నా గుణంలో లేదు. ఇనుము, జింకుపూత రేకులు, మురికి రాగి వంటి రోజిన్‌కు లొంగని లోహాల మీద ఇది సమర్థంగా పనిచేస్తుంది. అయితే దాని అవశేషం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమలో కరిగిన క్లోరైడ్ విద్యుత్తును ప్రసరింపజేస్తుంది, లోహాన్ని నిరంతరం తింటుంది.

5. తంతి యుగం

1837లో బ్రిటన్‌లో కుక్, వీట్‌స్టన్ తంతి పద్ధతికి పేటెంటు పొందారు. 1844లో అమెరికాలో మోర్స్ తంతి వాషింగ్టన్, బాల్టిమోర్ నగరాలను కలిపింది. భారతదేశంలో విలియం ఓషానసీ 1839లో కలకత్తాలో ప్రయోగాలు చేయగా, 1851లో కలకత్తా, డైమండ్ హార్బర్ మధ్య తంతి మార్గం మొదలైంది. 1855 నాటికి కలకత్తా, ఆగ్రా, బొంబాయి, మద్రాసు నగరాలు తంతి ద్వారా కలిశాయి.

స్తంభాల మీద సాగిన తంతి మార్గాల్లో ఇనుమే ప్రధాన లోహం. బ్రిటన్‌లో ప్రచారం పొందిన బ్రిటానియా అతుకులో రెండు తీగల కొనలను పక్కపక్కన పెట్టి, సన్నని తీగతో చుట్టి, ఆపైన టంకం పోసేవారు. ఇనుము మీది ఆక్సైడ్‌ను రోజిన్ తేలికగా తొలగించలేదు కాబట్టి అక్కడ జింక్ క్లోరైడ్ జాతి ద్రవకారులకు చోటు ఉంది. తీగ మందమైనది, అతుకు ఆరుబయట కంటికి కనిపిస్తుంది, పాడైతే స్తంభం ఎక్కి బాగుచేయవచ్చు.

సముద్ర గర్భపు తంతి పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నం. 1858లో అట్లాంటిక్ సముద్రం అడుగున వేసిన తీగలో ఏడు రాగి పోగులు పేని, వాటిపైన మూడు పొరలుగా గట్టపర్చా పూశారు. ఆ తీగ కొద్ది వారాలకే మూగబోయింది. అధిక విద్యుత్ పీడనాన్ని ప్రయోగించడం దాని వైఫల్యానికి ముఖ్య కారణంగా చరిత్రకారులు చెబుతారు. శాశ్వత విజయం 1866లో లభించింది. ద్రవకారి ఆ వైఫల్యానికి కారణం కాకపోయినా, ఈ కొత్త తరహా తీగ అతుకు ముందు కొత్త షరతు పెట్టింది. గట్టపర్చా పొర కింద ఒకసారి మూసిన అతుకును మళ్లీ తెరవలేరు, కడగలేరు. పేనిన పోగుల సందుల్లోకి ద్రవం పాకి వెళుతుంది. అక్కడ చిక్కుకున్న క్లోరైడ్‌ను నీళ్లు కూడా తీసివేయలేవు. లోహం రాగి, అతుకు మూసివేసినది, అవశేషం శాశ్వతం అన్న మూడు పరిస్థితులు ఒకచోట కలిసినప్పుడు రోజిన్ ఎంపిక సహజమైంది.

6. ఇళ్ల వైరింగు: బీమా సంస్థల నియమాలు

విద్యుద్దీపాలు ఇళ్లలోకి వచ్చిన తరువాత అతుకు సమస్య అగ్నిప్రమాదం సమస్యగా మారింది. అమెరికాలో 1897లో వెలువడిన నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ రూపకల్పనలో అగ్ని బీమా సంస్థలు కీలకపాత్ర వహించాయి. ఆనాటి నియమం ప్రకారం తీగలను టంకం లేకుండానే దృఢంగా, విద్యుత్ ప్రవాహానికి అనువుగా మెలివేయాలి. ఆ అతుకును కాపాడటానికి మాత్రమే టంకం పోయాలి. వేడికి టంకం కరిగినా తీగ ఊడిపోకూడదన్నది ఇందులోని ముందుచూపు.

ఈ నియమావళి తొలి ప్రతుల్లో సూచించిన ద్రవకారి మాత్రం రోజిన్ కాదు. గాఢ జింక్ క్లోరైడ్ ద్రావణం 5 భాగాలు, ఆల్కహాల్ 4 భాగాలు, గ్లిజరిన్ 1 భాగం కలిపిన ద్రవాన్ని అందులో సూచించారు. విద్యుత్ తీగకు ఆమ్లపు ఫ్లక్స్ నిషిద్ధమన్న నేటి సూత్రం తొలినుంచీ ఉన్నది కాదని ఇది స్పష్టం చేస్తున్నది.

ఈ తేడాకు కారణం తీగ మందంలో వెతకవచ్చు. ఇంటి వైరింగులో 1.6 మిల్లీమీటర్ల వ్యాసం గల తీగ సాధారణం. రేడియో చుట్టలో 0.1 మిల్లీమీటరు తీగ సాధారణం. మొదటి దాని అడ్డుకోత వైశాల్యం రెండవదానికి 256 రెట్లు. ఒకే అవశేషం మందపు తీగను గీకి వదిలినంత కాలంలో సన్నని తీగను తెంపగలదు. మందపు తీగల కాలంలో సహించిన దోషం సన్నని తీగల కాలంలో అసహ్యమైంది. అనంతర కాలంలో ఇళ్ల వైరింగులో టంకం స్థానాన్ని మరలు, బిగింపు కనెక్టర్లు ఆక్రమించగా, టంకం ప్రధానంగా ఎలక్ట్రానిక్ పరికరాల్లో నిలిచింది.

7. రేడియో యుగం: ప్రమాణాల రూపకల్పన

20వ శతాబ్దం పూర్వార్ధంలో టంకపు తీగ లోపలే రోజిన్‌ను నింపిన తీగలు వ్యాప్తిలోకి వచ్చాయి. ద్రవకారిని విడిగా పూసే పని తప్పింది. ఎంపిక కూడా కార్మికుని చేతి నుంచి తయారీదారు చేతికి మారింది. 63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం కలిసిన టంకం 183 డిగ్రీల వద్ద ఒక్కసారిగా కరుగుతుంది. ఆ వేడిమిలో రోజిన్ చురుకుగా ఉంటుంది. ఈ పొత్తు అర్ధశతాబ్దానికి పైగా సాగింది.

శుద్ధ రోజిన్ బలహీనమైనది. కాస్త మాసిన రాగి మీద కూడా తడబడుతుంది. అందువల్ల అమైన్ హైడ్రోహాలైడ్ల వంటి ఉత్తేజకాలను స్వల్పంగా కలపడం మొదలైంది. అమెరికా సైనిక ప్రమాణాలు రోజిన్ ద్రవకారులను శుద్ధమైనవి, స్వల్పంగా ఉత్తేజితమైనవి, ఉత్తేజితమైనవి అని విభజించాయి. ఇది బలానికీ భద్రతకూ మధ్య కుదిరిన రాజీ. ఉత్తేజకం పెరిగినకొద్దీ అతుకు సులువు, అవశేషం ప్రమాదకరం. ప్రమాణాలు చేసిన పని ఈ బేరాన్ని దాచకుండా పేరు పెట్టి చూపడం.

8. కడిగే పద్ధతి, దాని మూల్యం

అచ్చు సర్క్యూట్ బోర్డులు వచ్చాక ఉత్తేజిత రోజిన్ వాడి, తరువాత అవశేషాన్ని కడిగే పద్ధతి పరిశ్రమలో స్థిరపడింది. రోజిన్ నీటిలో కరగదు కాబట్టి సీఎఫ్‌సీ-113 అనే ద్రావణి అవసరమైంది. అది మండదు, త్వరగా ఆరుతుంది, ప్లాస్టిక్‌కు హాని చేయదు. కడగలేనితనం అన్న పాత చిక్కు తీరినట్లు కనిపించింది.

1974లో మొలీనా, రోలండ్ సీఎఫ్‌సీల వల్ల ఓజోన్ పొర క్షీణిస్తుందని ప్రతిపాదించారు. 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. 1989 జనవరి 1 నుంచి అది అమలులోకి వచ్చింది. అభివృద్ధి చెందిన దేశాలు 1996 నాటికి, అభివృద్ధి చెందుతున్న దేశాలు 2010 నాటికి సీఎఫ్‌సీల ఉత్పత్తిని నిలిపివేయాలన్న గడువులు ఏర్పడ్డాయి. భారతదేశం 1992లో ఈ ఒప్పందంలో చేరింది.

దీనితో పరిశ్రమ ముందు రెండు దారులు మిగిలాయి. మొదటిది నీటితో కడగగల సేంద్రియ ఆమ్ల ద్రవకారులు. రెండవది కడగనవసరం లేనంత తక్కువ అవశేషం మిగిల్చే ద్రవకారులు. మొదటి దారి బోర్డులకు పనికివచ్చినా పోగుల తీగకు తగదు. కేశనాళికా చర్య వల్ల ద్రవం తొడుగు కిందికి పాకుతుంది, కడిగే నీరు అక్కడికి పూర్తిగా చేరదు. సముద్రపు తంతి పెట్టిన షరతు ఇక్కడ మళ్లీ ఎదురైంది. 1995లో వచ్చిన జె-స్టాండర్డ్-004 ప్రమాణం ద్రవకారులను రోజిన్, రెసిన్, సేంద్రియం, నిరింద్రియం అని మూలపదార్థాన్ని బట్టి, తక్కువ, మధ్యమ, అధికం అని చురుకుదనాన్ని బట్టి వర్గీకరించింది. పేరులో రోజిన్ ఉన్నంత మాత్రాన సురక్షితం కాదనీ, అవశేషం ప్రవర్తనే గీటురాయి అనీ ఈ వర్గీకరణ అంగీకరించినట్లయింది.

9. మరో అవశేషం: పొగ

తీగకు మేలు చేసిన రోజిన్ కార్మికునికి మేలు చేయలేదు. వేడి కాక తగిలినప్పుడు లేచే రోజిన్ పొగ కొందరిలో ఉబ్బసానికి దారితీస్తుందని 1970ల చివర బ్రిటన్‌లో ఎలక్ట్రానిక్స్ కార్మికుల మీద జరిగిన వైద్య పరిశోధనలు చూపాయి. ఒకసారి ఈ సున్నితత్వం ఏర్పడితే, ఆ తరువాత కొద్దిపాటి పొగ కూడా ఊపిరాడనీయదు. బ్రిటన్ ఆరోగ్య భద్రతా నిబంధనలు కొలోఫనీ పొగకు ఎనిమిది గంటల సగటున ఘనపు మీటరు గాలికి 0.05 మిల్లీగ్రాముల పరిమితి విధించాయి. పొగ పుట్టిన చోటే పీల్చివేసే ఏర్పాటును కోరుతున్నాయి.

శతాబ్దానికి పైగా అవశేషం అంటే తీగ మీద మిగిలేది అన్న అర్థంలోనే చర్చ సాగింది. గాలిలో మిగిలేది, ఊపిరితిత్తుల్లో చేరేది లెక్కకు రాలేదు. 1967లో ఈసీఐఎల్ స్థాపనతో హైదరాబాదు ఎలక్ట్రానిక్ తయారీ కేంద్రంగా ఎదిగింది. ఊరూరా రేడియో, టీవీ, సెల్‌ఫోన్ మరమ్మతు దుకాణాలు వెలిశాయి. ఇరుకు దుకాణంలో కాక మీదికి వంగి పనిచేసేవారికి ఈ చరిత్ర దూరదేశపు కథ కాదు.

2006 జులై 1 నుంచి యూరోపియన్ యూనియన్ ఎలక్ట్రానిక్ పరికరాల్లో సీసం వాడకాన్ని పరిమితం చేసింది. భారతదేశపు ఈ-వ్యర్థాల నియమాలు కూడా సీసానికి 0.1 శాతం పరిమితి విధించాయి. తగరం, వెండి, రాగి కలిసిన కొత్త టంకం 217 డిగ్రీల వద్ద కరగడం మొదలవుతుంది. వేడి పెరిగినందువల్ల ద్రవకారి త్వరగా మాడుతుంది, పొగా పెరుగుతుంది. సీసం లేనందువల్ల పని పూర్తిగా నిరపాయమైందన్న భావన సరికాదు.

10. ముగింపు

పై పరిశీలన వల్ల ఈ అంశాలు తేలుతున్నాయి.

ఒకటి: ద్రవకారి ఎంపికను లోహం, వేడిమి, కడగగల వీలు అన్న మూడు అంశాలు నిర్ణయిస్తాయి. కంసాలి వెలిగారం, కళాయివారి నవసాగరం, విద్యుత్ పనివారి రోజిన్ ఈ సూత్రానికే భిన్న సమాధానాలు.

రెండు: విద్యుత్ తీగలకు ఆమ్లపు ద్రవకారి తగదన్న నియమం ఒక్కరోజులో ఏర్పడలేదు. తీగలు సన్నబడటం, అతుకులు మూతపడటం వల్ల క్రమంగా స్థిరపడింది. రాగి పోగుల తీగకు తక్కువ చురుకుదనం గల రోజిన్ జాతి ద్రవకారి నేటికీ తగిన ఎంపిక. రేకుల పనికి అమ్మే ఆమ్లపు పేస్టు ఎంత వేగంగా అతికినా తీగకు తగదు.

మూడు: ప్రతి తరం ఒక అవశేషాన్ని తొలగించి మరొకదాన్ని మిగిల్చింది. క్లోరైడ్‌ను వదిలి రోజిన్‌ను, రోజిన్‌ను కడగడానికి సీఎఫ్‌సీని, రోజిన్ వాడకంలో పొగను. ఈ వరుసలో ఆలస్యంగా గుర్తింపు పొందినది కార్మికుని ఆరోగ్యం.

నాలుగు: తెలుగు పారిభాషిక పదజాలంలో లోహ సంగ్రహణపు ద్రవకారినీ టంకపు ద్రవకారినీ వేరుచేసి వివరించడం అవసరం. వృత్తి పదకోశాల్లో వెలిగారం, నవసాగరం పక్కన రోజిన్, పేస్టు వంటి నేటి పనివారి మాటలు చేరాలి. ఏది దేనికి వాడాలి, ఏది వాడాక కడగాలి అన్న వివరం కూడా ఆ పదాలతో పాటు చేరినప్పుడే పదకోశం పనివారికి ఉపయోగపడుతుంది.